నీళ్ళొదులు

మెదడు ఆపరేషన్‌లో మత్తు డాక్టరమ్మకు నిద్రపుచ్చడం ఒక్కటే పని కాదు. నరంలోకి ఏ ద్రవం పోతోందో, ఎంత పోతోందో కూడా ఆవిడే కనిపెట్టుకోవాలి. ఎండుశనగలు నానితే ఉబ్బుతాయి కదా, మెదడూ అంతే. ఉప్పు కలిసిన సెలైన్‌ను ఓర్చుకుంటుంది. ఉత్త గ్లూకోజ్ నీళ్ళు పోశారా, పొంగుతుంది. పుర్రె జరిగి చోటివ్వదు. అందుకే ఆ థియేటర్‌లో గ్లూకోజ్ సీసా మూలనున్న అలమరా దాటి రాదు.

ఇంకో పట్టింపు కూడా ఉంది. "నీళ్ళొదులు" అనే మాట అక్కడెవరూ అనరు. ఆశ వదులుకోమన్నట్టుంటుందని. "డ్రిప్ పెంచు, డ్రిప్ తగ్గించు" అంటారు, అంతే.

ఆ ఉదయం బల్ల మీద ఓ దర్జీ భార్య ఉంది. తలలో గడ్డ. డాక్టరమ్మ ఇలాంటివి ఎన్ని చూసిందో! జాలీ భయమూ ఎప్పుడో మొద్దుబారిపోయాయి. ఏసీ హోరు, స్పిరిటు వాసన... వాటి అడుగున సన్నగా, బావి బురద వాసన. ఆవిడ పట్టించుకోలేదు.

"ఏం మేడమ్, మన పేషెంటు హాయిగా ఉందా?" అన్నాడు సర్జన్.

"మీ కబుర్లు వింటూ ఎవరికి నిద్ర పట్టదు సార్?"

నర్సు కిసుక్కుమంది.

కాసేపటికి సర్జన్ చేతులు ఆగిపోయాయి.

"మెదడు... పొంగుతోంది."

డాక్టరమ్మ తలెత్తింది. స్టాండుకు గ్లూకోజ్ సీసా. ధారకట్టి దిగుతోంది. గొట్టం బిగించింది. సీసా లాగేసింది. వాపు తీసే మందు ఎక్కించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"ఎవరు పెట్టారే ఇది?"

నర్సు ఆవిడకేసి వింతగా చూసింది. "మీరే కదా మేడమ్... చెవి దగ్గరకొచ్చి చెప్పారు."

"ఏమని?"

"గ్లూకోజ్ నీళ్ళొదులు... అని. ఆ మాట అనకూడదని తెలుసు. అయినా నా చెయ్యి ఆగలేదు."

"నేనీ స్టూలు మీంచి లేవనేలేదు."

సర్జన్ తలెత్తకుండానే గొణిగాడు. "నేనూ విన్నాను. మీ గొంతే."

ఎలాగో పొంగు దిగింది. ఆపరేషన్ ముగిసింది. పిలిస్తే దర్జీ భార్య కళ్ళు తెరిచింది. ఆమెను పక్కగదిలో పడుకోబెట్టి, డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది.

దర్జీ బెంచీ మీద బొమ్మలా కూర్చుని ఉన్నాడు.

"గండం గడిచిందయ్యా. మీ ఆవిడ లేచింది."

అతను అయోమయంగా చూశాడు. "అదేంటమ్మా... ఇందాకే వచ్చి ఆమెకి నీళ్ళొదులుకోమన్నారుగా. మా అత్తగారికి కబురు కూడా చేసేశాను."

"ఎవరన్నారు?"

"మీరేనమ్మా... ఈ బట్టల్లోనే. జుట్టే విరబోసుకుని... నీళ్ళోడుతూ..."

ఆవిడ కిందికి చూసింది.

బెంచీ ముందు తడి పాదాల గుర్తులు. బయటి గుమ్మం వైపు పోలేదవి. దర్జీ భార్యను పడుకోబెట్టిన గది తలుపు కిందుగా లోపలికి వెళ్ళాయి.

తిరిగొచ్చిన గుర్తులు లేవు...