సూది రెండుగా కనిపించిన ఉదయం

పొద్దున్న ఆరున్నరకే మెక్సికో తీరంలోని వెరాక్రూస్‌లో ఉక్కపోత మొదలైంది. నెరేయిదా కుట్టుమిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించడానికి అవస్థ పడుతోంది. దారం కొసని నాలుగోసారి నోటితో తడిపి, కళ్ళు చికిలించి చూసింది. సూది ఒకటి కాదు, రెండు కనిపిస్తున్నాయి. ఏది అసలుదో తెలియలేదు. ఒక కన్ను మూసుకుంటే ఒకటే సూది ఉంది. అలాగే మూసుకుని ఎక్కించింది.

శనివారం బేకరీ వాళ్ళమ్మాయి పదిహేనో పుట్టినరోజు. గులాబీ రంగు గౌనుకి కింది అంచు ఇంకా కుట్టనేలేదు. నెరేయిదా పెడల్ మీద పాదం పెట్టింది. పెట్టిందో లేదో తెలియక వంగి చూసుకోవలసి వచ్చింది. నాలుగు రోజులుగా కాళ్ళకి మందపాటి మేజోళ్ళు తొడిగినట్టుగా ఉంది. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కి ఉంటుందిలే అనుకుంది. అనుకుందే గానీ నమ్మలేదు. లేచింది, కిటికీ దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చుంది.

పదకొండు వారాల క్రితం ఆమెకి బరువు తగ్గే ఆపరేషన్ అయింది. జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసేసి, అరటిపండంత గొట్టాన్ని మిగిల్చారు. అప్పుడామె బరువు నూట ఇరవై ఆరు కిలోలు. నలభై రెండేళ్ళకే షుగరు, బీపీ, మెట్లెక్కనివ్వని మోకాళ్ళు. తండ్రి షుగరుతో కాలు పోగొట్టుకుని చనిపోయిన ఇల్లు అది. అందుకే భర్త ఎవరిస్తో సరేనన్నాడు, కూతురు ఇట్సెల్ కూడా సరేనంది. వద్దన్నది తల్లి ఒబ్దూలియా ఒక్కతే.

"నోరు కట్టుకోలేక కత్తి కిందికి పోతావా? దేవుడిచ్చిన పొట్టని కోయించుకుంటారా ఎవరైనా?" అని వీధంతా వినేలా అరిచింది.

"చూస్తూ ఉండమ్మా, రేపు నువ్వే మెచ్చుకుంటావు!" అని నెరేయిదా కూడా వీధంతా వినేలాగే జవాబు చెప్పింది.

ఆ మాటే ఇప్పుడు ఆమె నోరు కట్టేసింది. మొదటి నెల బాగానే గడిచింది. షుగరు మాత్రలు సగానికి తగ్గాయి. మెత్తటి తిండి మొదలుపెట్టాకే చిక్కు వచ్చింది. ఏది తిన్నా గుండెల దగ్గర అడ్డం పడి, పావుగంటలో వెనక్కి వచ్చేది. తర్వాత తర్వాత నీళ్ళు కూడా నిలవలేదు. విటమిన్ మాత్రలు మింగితే వాంతి అవుతోందని నెల క్రితమే మానేసింది. పోయిన వారం హాస్పిటల్‌కి రమ్మంటే, గౌను పని ఉందని వెళ్ళలేదు. ఎవరికీ చెప్పలేదు. బరువు మాత్రం మంచులా కరిగిపోతోంది. సముద్రంలో చమురు బావి మీద పని చేసే భర్త ఎవరిస్తో, "ఈసారి వస్తే నా పెళ్ళాన్ని గుర్తుపడతానా?" అని ఫోన్లో మురిసిపోతున్నాడు. ఆ మురిపెం పోగొట్టడానికి ఆమెకి మనసొప్పలేదు.

ఇట్సెల్ కాలేజీకి తయారై వచ్చి, గుమ్మంలో పడుకున్న కుక్కని దాటబోయి ఆగింది.

"అమ్మా, ఈ పింతో ఏంటి ఇలా బలిసిపోయింది? నువ్వు తగ్గినదంతా దీనికి ఎక్కినట్టుంది."

"ముసలిదైంది కదే," అంది నెరేయిదా తలెత్తకుండా.

"దానికి మూడేళ్ళమ్మా."

ఇట్సెల్ సంచి కింద పెట్టి తల్లి ముఖంలోకి చూసింది. "ఒక కన్ను ఎందుకు మూసుకుంటున్నావు?"

"పొద్దున్నే నీ ఆరాలు మొదలెట్టకు. నీకు బస్సు పోతుంది, వెళ్ళు."

అప్పుడే ఒబ్దూలియా కోడిపులుసు గిన్నెతో వచ్చింది. డెబ్బై దాటినా ఆమె నడిస్తే గచ్చు అదిరేది. గిన్నెని కుట్టుబల్ల మీద టక్కున పెట్టింది.

"తాగు. నా కళ్ళ ముందు తాగు."

"తర్వాత తాగుతానమ్మా."

"ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. నిన్న పెట్టిన గుమ్మడికాయ కూర కుక్క మూతికి అంటుకుని ఉంది. నా వంట కుక్కకి పోస్తున్నావా? వీధిలో నన్ను అడుగుతున్నారే, నీ కూతురికి ఏ రోగం వచ్చిందని!"

"రోగం లేదు ఏమీ లేదు. సన్నబడ్డాను. నువ్వు తప్ప అందరూ సంతోషిస్తున్నారు!"

"ఇది సన్నబడటమా? బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు దువ్వెన నిండా వస్తోంది. నేను ఆ రోజే చెప్పాను..."

"అదిగో! చెప్పాను, చెప్పాను! ఆ మాట అనడానికే కాచుకుని ఉన్నావు నువ్వు!" నెరేయిదా గొంతు చీరుకుపోయింది. "చిన్నప్పటి నుంచీ పందీ, పీపా అని పిలిచింది నువ్వే. తగ్గితే శవం అంటున్నదీ నువ్వే. నేను ఎలా ఉంటే నీకు నచ్చుతానమ్మా?"

నెరేయిదా విసురుగా లేచింది. నేల ఎక్కడుందో పాదాలకి తెలియలేదు. రెండు గుమ్మాలు కనిపిస్తే, లేని గుమ్మంలోంచి వెళ్ళబోయి గోడకి కొట్టుకుని, గౌను కోసం పరిచిన గులాబీ రంగు వలగుడ్డ మీద కూలబడిపోయింది.

"కాళ్ళు తెలియడం లేదే ఇట్సెల్," అంది ఏడుస్తూ. "నాలుగు రోజులైంది. అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి. నీళ్ళు కూడా నిలవడం లేదు."

ఒబ్దూలియా కేకకి పక్కింటి మెల్బా పరిగెత్తుకొచ్చింది. వీధిలో ఎవరు నీరసపడినా సెలైన్ ఎక్కించేది ఆవిడే. ఇద్దరూ కలిసి నెరేయిదాని మంచం మీదికి చేర్చారు. మెల్బా గ్లూకోజ్ సీసాని కిటికీ కమ్మీకి కట్టి, చేతి నరం కోసం తడమసాగింది.

"బలం వస్తే అదే లేచి కూర్చుంటుంది," అంది ఒబ్దూలియా, చేతులు నలుపుకుంటూ.

ఇట్సెల్ అప్పటికే హాస్పిటల్‌కి ఫోన్ చేసింది. అక్కడి ఆహార నిపుణురాలు బెరెనీసె మాట్లాడింది. వాంతులు ఎన్నాళ్ళ నుంచి, మాత్రలు వేసుకుంటోందా, కళ్ళు ఎలా కనిపిస్తున్నాయి, నడక తూలుతోందా అని గబగబా అడిగింది. చివర్లో, "ఇంట్లో ఏమైనా ఎక్కించారా?" అంది.

"గ్లూకోజ్ పెడుతున్నారు మేడమ్."

"ఆపించు! వెంటనే ఆపించు. మీ అమ్మ ఒంట్లో బి-వన్ విటమిన్ అయిపోయినట్టుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. టాక్సీ ఎక్కి నేరుగా ఎమర్జెన్సీకి రండి. నేను గేటు దగ్గర చెప్పి ఉంచుతాను."

ఇట్సెల్ ఒక్క గంతులో వెళ్ళి, అప్పుడే నరంలో సూది గుచ్చిన మెల్బా చెయ్యి పట్టుకుంది. "వద్దత్తా! సూది తియ్యి!"

"నేను ఇరవై ఏళ్ళ నుంచి పెడుతున్నా పిల్లా!"

"తియ్యవే మెల్బా," అంది ఒబ్దూలియా. ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అంది. "పిల్లకి తెలుసు. తీసెయ్యి."

టాక్సీలో ముగ్గురూ వెనక సీట్లోనే ఇరుక్కున్నారు. సముద్రపు ఒడ్డు రోడ్డంతా బస్సులే. ఒబ్దూలియా ఒక్కో సిగ్నల్ దగ్గరా ముందుకి వంగి, "పోనివ్వు నాయనా, పోనివ్వు," అని డ్రైవర్ని పోరింది. నెరేయిదా మాటలు తడబడుతుంటే, "నా పేరేంటే? చెప్పు, నా పేరేంటి?" అని మాటిమాటికీ అడిగింది.

హాస్పిటల్లో ముందు బి-వన్ నరంలోకి ఎక్కించి, తర్వాతే మిగతా సెలైన్లు పెట్టారు. గొట్టంలా మిగిలిన జీర్ణాశయం మధ్యలో ముడుచుకుపోయిందని, అందుకే ఏదీ కిందికి దిగడం లేదని కెమెరా పరీక్షలో తేలింది. మూడో రోజు నోటి గుండా బెలూన్ పంపి దాన్ని వెడల్పు చేశారు. మళ్ళీ ఒకటి రెండుసార్లు చెయ్యాల్సి రావచ్చన్నారు. కళ్ళు రెండు రోజుల్లోనే కుదుటపడ్డాయి. పాదాల సంగతి మాత్రం డాక్టరు తేల్చి చెప్పలేదు.

"నెలలు పట్టొచ్చు. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే జ్ఞాపకశక్తే పోయేది," అన్నాడు.

డాక్టరు వెళ్ళాక ఒబ్దూలియా మంచం పక్కన నిలబడి దుప్పటి అంచుని సర్దింది, మళ్ళీ సర్దింది.

"అను అమ్మా," అంది నెరేయిదా కళ్ళు మూసుకుని. "చెప్పానా అని అను. అనేస్తే అయిపోతుంది."

"అననే."

"ఎందుకు?"

"చెప్పానా అని దెప్పుతాననే కదా, నువ్వు నాకేమీ చెప్పకుండా దాచావు." ఒబ్దూలియా కుర్చీలో కూర్చుంది. "ఆపరేషన్ చెడ్డదని కాదే. మీ నాన్న కాలు తీసేసిన రోజు నువ్వు చూశావు, నేనూ చూశాను. నిన్ను బల్ల మీద పడుకోబెట్టి కోస్తారంటే నాకు భయమేసింది. భయమని చెప్పడం చేతకాక తిట్టాను. చిన్నప్పుడూ అంతే. పెట్టిందీ నేనే, తిన్నందుకు నలుగురిలో నవ్వులపాలు చేసిందీ నేనే. నీకు ఎనిమిదేళ్ళప్పుడు నీ పిన్నుల ముందు పీపా అన్నాను. నువ్వు ప్లేటు పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయావు. ఆ ప్లేటు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది."

నెరేయిదా కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "తగ్గుతున్నాను కదా అని నేనూ మురిసిపోయానమ్మా. చచ్చిపోతున్నానేమో అనిపించినా, రోజూ బరువు చూసుకుని సంతోషపడ్డాను. నాకు పిచ్చి పట్టిందేమో."

"నీకు కాదు. ఆ పిచ్చి నేను పట్టించాను," అంది తల్లి. మంచానికి అటువైపు నిలబడ్డ ఇట్సెల్ ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

తొమ్మిదో రోజు ఇంటికి పంపేటప్పుడు బెరెనీసె కాగితాలు పట్టుకుని వచ్చింది. ఏం తినాలో, ఎన్ని గుటకలు తాగాలో, జీవితాంతం ఏ మాత్రలు మానకూడదో చెప్పి, చివరగా కలం తీసింది.

"మళ్ళీ వాంతి అయినా, తూలినా, కడుపులో నొప్పి వచ్చినా ముందు ఎవరికి చెబుతారు? పేరు రాసుకోవాలి."

నెరేయిదా చక్రాల కుర్చీలోంచి తల తిప్పి వెనక్కి చూసింది. "మా అమ్మకి. ఒబ్దూలియా అని రాయండి. తిడుతుంది. అయినా తనకే చెబుతాను."

"తిట్టక ముద్దుపెట్టుకుంటానా?" అంది ఒబ్దూలియా. కుర్చీ పిడులు వదిలేసి, ముందుకొచ్చి వంగి, కూతురి తలని రెండు చేతులతో పొట్టకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.