పచ్చి కుర్చీ

ఆమెను మొదటిసారి కలిసిన రోజే, ఆమె నెల రోజుల కష్టాన్ని మూత తీసి వాసన చూశాను.

"ఏంటది? పెరుగు గిన్నె అనుకున్నావా?"

"తెల్లగా, అందంగా ఉంటేనూ..."

"నీ ముక్కులో ఎన్ని క్రిములుంటాయో తెలుసా? అవన్నీ ఇప్పుడు ఇందులో కాపురం పెడతాయి!"

నాది ఆర్ట్. ఆమెది బయాలజీ. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, భూమికి భారం కాని వస్తువులు చేయించే కోర్సు అది. ఆ సంగతి చాటుతూ గేటు దగ్గర ఆరడుగుల ప్లాస్టిక్ బ్యానర్ కట్టారు. జంటకొక ప్రాజెక్టు, ఇద్దరికీ కలిపి ఒకటే మార్కు. ఆ మార్కు మీదే ఆమె రీసెర్చ్ సీటు ఆధారపడి ఉంది. నాకు మాత్రం ఆమె పక్కన చోటు దొరికింది, అదే పదివేలు.

మా ప్రాజెక్టు పుట్టగొడుగు కుర్చీ. ఆమె వాళ్ళ నాన్న వడ్రంగి. ఆయన కొట్లోంచి రంపపు పొట్టు తెచ్చి, ఆమె గిన్నెల్లో పెంచిన ఆ తెల్లటి పుట్టగొడుగు విత్తనం కలిపి, రెండు అచ్చుల్లో కూరాం. అది తెల్లటి పోగులు అల్లుకుంటూ పొట్టునంతా ఒక్క ముద్దగా బిగిస్తుంది. ఆ తర్వాత నాలుగు గంటలు ఓవెన్‌లో కాల్చాలి.

"కాలిస్తేనే పుట్టగొడుగు చచ్చి కుర్చీ గట్టిపడుతుంది. మర్చిపోయావో, మన పని గోవిందా," అంది.

రెండు నెలలు ఆమె నన్ను "కళాకారుడు గారూ" అని వెక్కిరించింది. నేను "మైక్రోస్కోప్" అన్నాను. చేతులు కడుక్కోమని రోజుకు పదిసార్లు తిట్టేది. ఆ తిట్లకే ప్రేమలో పడ్డాను.

మొదటి కుర్చీ అచ్చులోంచి వచ్చిన రోజు, ఆమె పరీక్షకు వెళ్తూ కాల్చే పని నాకు అప్పగించింది. చిన్న ముక్క కాల్చి చూస్తే మాడిన రొట్టె రంగుకు తిరిగింది. వెన్నలాంటి ఆ తెలుపు పోతుందంటే నాకు ప్రాణం ఒప్పలేదు. "ఇది జీవమున్న వస్తువు" అని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకుని, రిజిస్టర్‌లో "ఎనభై డిగ్రీలు, నాలుగు గంటలు" అని రాసేశాను. ఆమె వచ్చి, చదివి, సన్న సెగకు రంగు మారలేదన్న నా మాట నమ్మి, కింద సంతకం పెట్టింది.

మార్కులు వేయడానికి జడ్జీలొచ్చే రోజు పొద్దుట్నుంచీ ముసురు. కుర్చీ అడుగున బొటనవేలంత పుట్టగొడుగు మొలిచి ఉంది. గిల్లి పారేశాను. పక్కన ఇంకొకటి కనిపించింది.

"కూర్చుని చూడొచ్చా?" అడిగింది పెద్ద జడ్జి.

"మా అమ్మాయి చేసిన కుర్చీ. ముందు నేను కూర్చుంటానమ్మా," అంటూ, చూడ్డానికొచ్చిన వాళ్ళ నాన్న లేచాడు. ఆయన కాస్త భారీ మనిషి.

"కూర్చోకండి, మామయ్యగారూ!"

హాలంతా నా వైపు తిరిగింది. రెండు నెలలుగా మనసులో సాధన చేసిన పిలుపు అలా బయటపడింది. ఇక దాచడానికేం మిగల్లేదు.

"అది కాల్చలేదండీ. రిజిస్టర్‌లో నేను అబద్ధం రాశాను. తనకేం తెలీదు. సున్నా వేస్తే నాకే వెయ్యండి."

ఆమె చూసిన చూపుకు ఓవెన్ అక్కర్లేదు.

"దాని కింద నా సంతకం ఉంది," అంది మెల్లగా. "నాకు రంగులు తెలీవు గానీ, అబద్ధం రంగు ఇవాళ చూశాను."

జడ్జీలు పది మార్కులు కోసి, రెండో కుర్చీని వారంలో కాల్చి తెమ్మన్నారు. వాళ్ళ నాన్న గోటితో కుర్చీని నొక్కి చూశాడు.

"పచ్చి కలపతో చేస్తే ఇంతే బాబూ. ఆరకముందే అందం చూసుకోకూడదు."

ఈసారి నాలుగు గంటలూ ఓవెన్ ముందే కూర్చున్నాను. పావుగంటకోసారి ఆమె వచ్చి డిగ్రీలు చూసి తనే రాసుకుంది. పెన్ను నా చేతికివ్వలేదు.

"నువ్వంటే నాకిష్టం. ఇది మాత్రం నిజం," అన్నాను.

"ఎనభై రెండు," అని రాసుకుంది. కానీ వెళ్ళిపోలేదు. ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

వారం తర్వాత, ఆ మాడిన రంగు కుర్చీలో జడ్జీల ముందే వాళ్ళ నాన్న కూర్చుని, అటూ ఇటూ ఊగి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"గట్టిగానే ఉంది, అల్లుడూ."

"నాన్నా! పాసైంది కుర్చీ. ఇతను కాదు."

"మరి నేనెప్పుడు పాసవుతాను?"

"ముందెళ్ళి చేతులు కడుక్కో."

కడుక్కుని వచ్చాను. రిజిస్టర్ తెరిచి, పెన్ను నా చేతిలో పెట్టింది.