తప్పుల లిస్టులో ఏడోది

“ఆపు, ఆపు. అక్కడే ఆపు” అంది డేగ.

అన్నయ్య రిమోట్ నొక్కాడు. టీవీలో రోబో అటు తిరిగి నిలబడిపోయింది.

డేగ అని పేరు పెట్టింది అన్నయ్యే. చెల్లెలి కంటబడకుండా ఏదీ తప్పించుకోలేదు మరి. అమ్మ చిన్నప్పుడు అందరూ ఎగబడి చూసిన ఈ రోబో సినిమా ఇప్పుడు హెచ్‌డీ డిస్కుగా మళ్లీ వచ్చింది. మసక పోయింది, గీతలు పోయాయి. సినిమాలో ఎవరు ఎక్కువ తప్పులు పట్టుకుంటారో చూద్దామని క్లాసులో పందెం. డేగ నోట్‌బుక్‌లో అప్పటికే ఆరు చేరాయి.

“రోబో వీపు చూడు. నీలం దారంతో కుట్లు. ఇనుప రోబోకి కుట్లేంటి? అదీ ఎంత వంకరగా ఉన్నాయో. ఎవరో కళ్లు మూసుకుని కుట్టినట్టున్నారు.”

అన్నయ్య పకపకా నవ్వాడు. డేగ ఏడో నంబరు వేసి రాసుకుంది.

సోఫా చివర కూర్చున్న అమ్మమ్మ నవ్వలేదు. ఈ డిస్కు కోసం నెల రోజులుగా ఎదురుచూసింది ఆవిడే. కళ్లజోడు తీసి మడిచి, “మీరు చూడండమ్మా” అంటూ గదిలోకి వెళ్లిపోయింది.

డేగ వెనకే వెళ్లింది. అమ్మమ్మ కుట్టుమిషన్ ముందు ఊరికే కూర్చుని ఉంది.

“ఏమైంది అమ్మమ్మా?”

“ఆ వంకర కుట్లు నావేనే.”

డేగకు అమ్మమ్మ సినిమావాళ్లకు బట్టలు కుట్టేదని తెలుసు. రోబో ఒంటిమీద ఉన్నదీ బట్టేనని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

“మందపాటి గుడ్డ, పైన వెండి రంగు. లోపల ఒక సన్నటి మనిషి ఉండేవాడు. ఒకరోజు షూటింగ్‌లో ఎండకి ఊపిరాడక పడిపోయాడు. వీపు మీద జిప్పు ఇరుక్కుపోయింది. నాలుగు నెలలు కష్టపడి కుట్టిన డ్రెస్సు. కత్తెర పెట్టి నిలువునా కోసేశాను.”

“తర్వాత?”

“కాసేపటికి తేరుకున్నాడు. నీళ్లు తాగి మళ్లీ అందులోనే దూరాడు. వెలుతురు పోతోందని అందరూ ఒకటే తొందర. చేతికి దొరికింది నీలం దారం. లోపల మనిషి ఉండగానే కుట్టాలి. సూది ఎక్కడ గుచ్చుకుంటుందోనని నా చేతులు వణికాయి. అప్పట్లో ఎవరికీ కనబడలేదు, బతికిపోయాననుకున్నా. ఇన్నాళ్లకి నీ కంట్లోనే పడాలా?”

అమ్మమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. తను అన్న మాట గుర్తొచ్చి డేగకు సిగ్గేసింది.

సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్లు లిస్టులతో వచ్చారు.

“మాకు చెరి ఆరు. నీకెన్ని?” అంది ఒకమ్మాయి.

ఏడుంటే పందెం డేగదే. డేగ నోట్‌బుక్ తెరిచి ఏడోది కొట్టేసింది.

“నాకూ ఆరే.”

“మరి ఆ వీపు మీద కుట్లు? మేం కూడా రాశాం” అంది రెండో అమ్మాయి నవ్వుతూ.

“అది తప్పు కాదు. ఉండండి.”

డేగ గదిలోకి పరిగెత్తి అమ్మమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సోఫా మధ్యలో కూర్చోబెట్టి కళ్లజోడు చేతికిచ్చింది. రిమోట్ నొక్కి, సరిగ్గా ఆ కుట్ల దగ్గర సినిమా ఆపింది.

“ఇవి మా అమ్మమ్మ కుట్టినవి. ఎందుకు కుట్టిందో నేను చెప్పనా అమ్మమ్మా, నువ్వే చెబుతావా?”

అమ్మమ్మ టీవీ వైపు చూసింది. డేగ వైపు చూసింది. నెమ్మదిగా కళ్లజోడు పెట్టుకుంది.

“నీకు సగమే తెలుసు. కాస్త జరుగు, నేనే చెబుతా.”