వ్యాను కింద తుడిచిన చోటు

టైలరు దుకాణం పైనున్న చిన్న ఆఫీసుకి మెట్లెక్కి వచ్చిన మనిషి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. తన బట్టల నూనె మరకలు దానికి అంటుతాయని కాబోలు, గోడకి కూడా ఆనుకోకుండా నిలబడ్డాడు.

"నేను మెకానిక్‌నమ్మా. పద్దెనిమిదేళ్లుగా ఒకటే గ్యారేజీ. నేను దొంగని కాదని సాయంత్రంలోగా తేలకపోతే పనిముట్లు అప్పజెప్పి వెళ్లిపొమ్మన్నాడు మా ఓనరు. ఈ పేరుతో బయటికి పోతే ఇంకే గ్యారేజీవాళ్లూ గడప తొక్కనివ్వరు."

బల్లకి అవతల కూర్చున్నామెను అందరూ సర్వేయరమ్మ అంటారు. ఇరవై ఏళ్లు ఇన్సూరెన్సు వాళ్ల తరఫున గుద్దుకున్న బళ్లను పరీక్షించి, ఆ తరవాత ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. పక్క బల్ల దగ్గర నోట్సు రాసే గుమాస్తాకి యాభై రెండేళ్లు, పెళ్లీ గిళ్లీ లేదు. తాళం తీసేసరికి లోపల ఏదో ఒక గొంతు వినబడాలని ఇంట్లో రేడియో ఆపకుండా వచ్చే మనిషి. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసి మొదటి ప్రశ్న అడిగే క్షణం కోసమే అతనికి పొద్దున్నే లేవాలనిపిస్తుంది.

ఆవిడ కళ్లజోడు పైకి తోసింది. "మొదటినించీ చెప్పండి."

ఆసుపత్రికి రోగులను చేరవేసే వ్యాను ఒకటి అరగంట నడిచాక ఆగిపోవడం, చల్లబడ్డాక మళ్లీ కదలడం మొదలుపెట్టింది. ట్యాంకులోంచి ఇంధనం తోడే పంపుకి ఎంత కరెంటు అందాలో చూసుకునే పెట్టె ఒకటుంటుంది. అరచేతిలో పట్టేంత. మాడ్యూల్ అంటారు. అది పాడైందని మెకానిక్ కనిపెట్టి, పోయిన శనివారం డ్రైవరు ఇంటి ఆవరణలోనే కొత్తది బిగించాడు. మంగళవారం వ్యాను వంతెన మీద మళ్లీ ఆగింది. గ్యారేజీకి లాక్కొచ్చి చూస్తే దానికి ఉన్నది పాత మాడ్యూలే.

"పాతది విప్పి ఎవరికిచ్చారు?"

"కొత్తదొచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి డ్రైవరు చేతికిచ్చానమ్మా. తీసిన సామాను బండివాళ్లకే ఇచ్చేస్తాను, రేపెవరూ ఓ మాట అనకూడదని. ఆ అలవాటే నా కొంప ముంచింది. పెట్టె తెరిచి చూడలేదంటాడు డ్రైవరు. పాత సామాన్లవాడికి వేసేశానంటారు వాళ్ల అక్కగారు."

"బిగించడం పెద్ద పనా?"

"రెండు బోల్టులు, ఒక ప్లగ్గు. కాకపోతే బిగించేముందు వీపు వైపు తెల్లటి లేపనం రాయాలి, వేడి ఇనుములోకి దిగిపోడానికి. బిగించాక అదింక ఎవరి కంటికీ ఆనదు. మా ఓనరేమో, చుక్క లేపనం కూడా లేదు, పని ఎగ్గొట్టావు అన్నాడు. నేను ఎగ్గొట్టే రకాన్ని కాదమ్మా."

"రాసేటప్పుడు పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. డ్రైవరు గేటవతల ఫోన్లో ఉన్నాడు. అక్కగారు అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూశారు. ఇంత చిన్న పెట్టెకా ఇంత రాద్ధాంతం అని నవ్వి, టీ పెట్టడానికి లోపలికెళ్లారు. వచ్చేసరికి బిగించేశాను."

గ్యారేజీలో వ్యాను పైకెత్తి ఉంది. సర్వేయరమ్మ కిందికి దూరి, గుమాస్తాని కూడా రమ్మంది. అడుగంతా మట్టి గడ్డకట్టి ఉంది. మాడ్యూల్ విప్పిన చోటూ, దాని చుట్టూ బెత్తెడు మేరా మాత్రం ఇనుము తళతళలాడుతోంది.

"ఏం కనిపిస్తోంది?"

"శుభ్రంగా ఉంది మేడమ్. మా ఇంట్లో గిన్నెలు కూడా అంత శుభ్రంగా ఉండవు."

"మీ గిన్నెల సంగతి ఎవరికీ అక్కర్లేదు గానీ, ఆ మాట మాత్రం రాసిపెట్టుకోండి."

గ్యారేజీ ఓనరు వంగి చూశాడు. "లేపనం రాయలేదు కాబట్టే శుభ్రంగా ఉందండీ. ఇందులో చూసేదేముంది?"

"లేపనం రాయలేదు సరే. బురద కూడా పడనంటే పడనందా?" అంటూ ఆమె బోల్టులు తిప్పి చూసింది. తలల మీద పట్టకారు పళ్ల గాట్లు. "మీరు వీటిని దేంతో విప్పారు?"

"స్పానరుతోనే. పట్టకారు ముట్టుకుంటే మా దగ్గర తిట్లు తినాలి."

డ్రైవరు ఇల్లు ఆ వీధి చివర. ముప్పై దాటిన తమ్ముడూ, యాభై దాటిన అక్కా, ఇద్దరే. గుమాస్తా మంచినీళ్లకని వంటగది దాకా వెళ్లాడు. పొయ్యి బర్నర్లు కూడా కొత్తవాటిలా మెరుస్తున్నాయి. గోడకి రెండు కంచాలు, రెండు గ్లాసులు. కుక్కరు పిడి వదులైతే బిగించుకునే పట్టకారు, స్టవ్వు పక్కనే మేకుకి వేలాడుతోంది.

"సోమవారం బయల్దేరుతున్నాను మేడమ్," అన్నాడు డ్రైవరు. "తొమ్మిది గంటల ప్రయాణం. అక్కడి ఆసుపత్రిలో వ్యానుతో సహా పెట్టుకుంటామన్నారు. ఉండడానికి ఒక్క గదే. అక్కని తరవాత ఎప్పుడైనా తీసుకెళ్లాలి."

"నాకేంట్రా, హాయిగా ఉంటాను," అంది అక్క.

"ఆ మెకానిక్ ఎలాంటివాడండీ?" సర్వేయరమ్మ ఆమెని మామూలుగా అడిగింది.

"మంచివాడే అనుకున్నాను. పనిలో శుభ్రం లేదు. కొత్త సామాను బిగిస్తే వెనకాల సున్నం పూసినట్టు ఆ తెల్ల జిడ్డేంటండీ? తుడవనైనా తుడవకుండా వదిలేశాడు."

గుమాస్తా రాస్తూనే ఉన్నాడు. సర్వేయరమ్మ కళ్లజోడు దించుకుని లేచింది.

"అప్పుడే వెళ్తారా? టీ పెడతాను," అంది అక్క. గుమ్మం దాకా వచ్చి మళ్లీ అంది. గేటు దగ్గర ఇంకోసారి. ఆ అడగడం గుమాస్తాకి బాగా తెలుసు. గ్యాసు సిలిండరు తెచ్చే మనిషిని తనూ అలాగే ఆపుతుంటాడు.

ఐదింటికి అదే ఇంటి ముందుగదిలో ఓనరూ మెకానిక్కూ కూడా వచ్చి కూర్చున్నారు. డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కొత్త మాడ్యూల్ కొట్టేయాలనుకున్న మెకానిక్, పాతది బిగించి ఊరుకుంటాడు," అని మొదలుపెట్టింది సర్వేయరమ్మ. "వ్యాను కింద పడుకుని బెత్తెడు మేర గిన్నె తోమినట్టు తోమడు. అక్కడ లేపనం ఎందుకుందో తెలియని మనిషి, మురికనుకుని తుడిచిపారేసింది. స్పానరు లేదు గనక పట్టకారుతో విప్పింది. పాత మాడ్యూల్ అట్టపెట్టెలో ఈ ఇంట్లోనే ఉంది గనక దాన్నే మళ్లీ బిగించింది. ఎలా విప్పాలో గుమ్మంలోంచి చూసి నేర్చుకుంది."

సర్వేయరమ్మ కుర్చీ అక్క వైపు జరుపుకుంది.

"అక్కగారూ, లేపనం రాసినప్పుడు మీరు టీ పెడుతున్నారు. బిగించాక అది కనబడదు. గ్యారేజీవాళ్లు విప్పేసరికి అక్కడ ఏమీ లేదు. మరి ఆ తెల్ల జిడ్డు మీరెప్పుడు చూశారు?"

అక్క చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఆదివారం మధ్యాహ్నం. వీడు అన్నం తిని పడుకున్నాక."

"అక్కా, నువ్వేంటే?" అన్నాడు డ్రైవరు.

"బండి నడవకపోతే అక్కడి ఆసుపత్రివాళ్లు ఇంకొకణ్ని చూసుకుంటారనుకున్నాన్రా. ఓ నాలుగు రోజులు మొరాయిస్తే చాలనుకున్నాను. ఎవరి మీదికో పోతుందనుకోలేదు."

"వంతెన మీద ఆగినప్పుడు వ్యానులో డయాలసిస్ చేయించుకుని వస్తున్న పెద్దాయన ఉన్నాడు," అంది సర్వేయరమ్మ. గొంతు పెంచలేదు. "నలభై నిమిషాలు ఎండలో కూర్చున్నాడు."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "నాకు చెప్పలేదే?"

"నువ్వు బెంగపెట్టుకుంటావని."

ఆమె లోపలికి వెళ్లి, బీరువాలో దుప్పట్ల కింద దాచిన అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. మాడ్యూల్ మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. "పారేద్దామనుకున్నాను. కొత్త వస్తువు, చేతులు రాలేదు."

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "సరేలేవయ్యా. రేపు పనిలోకి వచ్చెయ్."

మెకానిక్ కదల్లేదు. "పదిమంది ముందు దొంగన్నారు. ఇక్కడ ఐదుగురి ముందు కాదంటే ఎలా సరిపోతుందండీ?"

తమ్ముడు ఏదో అనబోయాడు. అక్క చెయ్యెత్తి ఆపి, అట్టపెట్టె తీసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. ఎవరినీ రమ్మనలేదు. వీధి పొడుగునా ఆమే ముందు నడిచింది. ఎవరింటి ముందు ఎవరు నిలబడి చూస్తున్నారో పట్టించుకోలేదు. గుమాస్తా నాలుగడుగులు వెనక నడిచాడు. ఆమె పక్కకి వెళ్లడానికి అతనికి మాట దొరకలేదు.

గ్యారేజీలో సుత్తుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది.

"మాడ్యూల్ మార్చేసింది నేను," అంది ఆమె, అందరికీ వినబడేట్టు. "ఈయన తీయలేదు. ఈయన పని ఈయన సరిగ్గానే చేశాడు."

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఎవరో స్టూలు జరిపారు, కూర్చోలేదు. మెకానిక్ తన పనిముట్ల పెట్టె ఓనరు బల్ల మీది నించి తెచ్చుకుని వ్యాను కిందికి దూరాడు. కొత్త మాడ్యూల్‌కి లేపనం రాశాడు, రెండు బోల్టులు బిగించాడు, ప్లగ్గు నొక్కాడు. తమ్ముడు ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

అక్క ఆ చప్పుడు వింటూ వ్యాను పక్కకి వెళ్లింది.

"నడుస్తుందాండీ, అంత దూరం?" అని మెకానిక్‌ని అడిగింది.

"నడుస్తుందమ్మా."

"మధ్యలో ఎక్కడా ఆగదుగా?"

అతను చేతులు తుడుచుకుంటూ ఒక్క నిమిషం ఆమె వైపు చూశాడు.

"ఆగదమ్మా," అన్నాడు.