రెండు లీటర్ల దూరం

"ఎంతిస్తుందయ్యా?"

బండి చూసిన ప్రతివాడూ మొదట అడిగేది ఇదే. జార్జి అంకుల్ కూడా అదే అడిగారు.

"లీటరుకి ఇరవై ఎనిమిది ఇస్తాదండి," అన్నాను రెప్ప వెయ్యకుండా.

ఆయన వెనకాల గొడుగు ముడుస్తున్న అమ్మాయి తలెత్తి నన్నోసారి చూసింది. వానకి తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. బాగుంది. నోరు విప్పేదాకా.

"ఎవరు కొలిచారు?"

"కొలవడం ఏటండీ? ఎక్స్‌పీరియన్స్! ఐదేళ్ళ నుంచీ ఇదే పని నాది."

"అంటే ఎవరూ కొలవలేదన్నమాట. చలో డాడీ."

నాకు ఒళ్ళు మండింది. నా షెడ్డుకొచ్చి నన్నే అబద్ధాలకోరంటుందా? నిజానికి నేను అబద్ధాలకోరునే, అది వేరే సంగతి. మెకానిక్ ఐదు నిమిషాలంటే గంట, సాయంత్రమంటే రేపు. భిలాయిలో అందరికీ తెలుసు, అందరూ కొంత తీసేసుకునే వింటారు. ఈవిడ మాత్రం చెప్పింది చెప్పినట్టు వింటోంది. అలాంటివాళ్ళతో చాలా కష్టం.

నా పేరు చిట్టిబాబు. మా నాన్న విజయనగరం దగ్గర్నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరారు. నాకు ప్లాంటు గేటు పాసు దొరకలేదు, గ్రీజు దొరికింది. కాలు సరిగా లేనివాళ్ళ కోసం పాత టూరింగ్ బైకుల వెనక చక్రం తీసేసి, రెండు చక్రాలు బిగించి ఇస్తాను. సుపేలాలో షెడ్డు.

జార్జి అంకుల్ ప్లాంటులో రిటైరయ్యారు. ఆయన ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు, మూడేళ్ళ క్రితం హైవే మీద లారీ తీసుకుపోయింది. అంతకు ముందు ఇరవయ్యేళ్ళు రాజగోపాల్ అనే స్నేహితుడితో కలిసి బైకు మీద తిరగని అడవి లేదు. ఆ రాజగోపాల్ ఇప్పుడు కొండగావ్‌లో ఉన్నారు. భిలాయి నుంచి రెండొందల ముప్ఫై కిలోమీటర్లు. అక్కడికి తన బండి మీద, తానొక్కడే వెళ్ళాలి. అంకుల్‌కున్న కోరికల్లా అదొక్కటే.

"ఒకే ట్యాంకులో వెళ్ళాలయ్యా," అన్నారు కుర్చీలో కూర్చుని కట్టుడు కాలు సర్దుకుంటూ.

"దార్లో బోల్డు పంపులున్నాయి కదండీ?"

"పంపులో దిగమంటారు. నేను దిగాలంటే నాలుగు నిమిషాలు పడుతుంది. వెనక లైన్లో హారన్లు. ఈలోగా ఎవడో పుణ్యాత్ముడొచ్చి 'ఉఠాయే, అంకుల్?' అంటూ చంకల్లో చేతులేసి బస్తాని ఎత్తినట్టు ఎత్తుతాడు. చెట్టు కిందైతే నా తీరిక మీద నేను దిగుతాను, ఎవడూ చూడడు. పంపులో మాత్రం దిగను."

ఆ మాటకి అమ్మాయి చూపు కిందికి వాలిపోయింది. పేరు ఎవాంజెలిన్. నెహ్రూ నగర్‌లో ఒక స్కూల్లో కెమిస్ట్రీ చెబుతుందట.

"పన్నెండు లీటర్ల ట్యాంకు," అంది నాతో. "పైగా కేశకాల్ ఘాట్ ఎక్కాలి. సామానుతో ఇరవై రెండు రావాలి. వస్తేనే డాడీని పంపిస్తాను. రాకపోతే బండి మీ షెడ్డులోనే ఉంటుంది. కొలిచేది నేనే."

ఆదివారం పొద్దున్నే స్కూలు ల్యాబ్ నుంచి లీటరు మెజరింగ్ జార్ పట్టుకుని దిగింది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, వంగి, గీత దగ్గర కన్ను పెట్టి, సరిగ్గా రెండు లీటర్లు పోసింది.

"ఆగిపోయేదాకా నడపండి. ఎంత దూరం వస్తే అందులో సగం మైలేజీ."

"ఆగిపోయాక తిరిగొచ్చేదెలాగండి?"

బ్యాగులోంచి ఇంకో సీసా తీసి చూపించింది. "మీలాగ కాదు. నేను ముందే ఆలోచిస్తాను."

నందిని రోడ్డు పట్టాం. మూడు చక్రాల బండి మలుపులో వాలదు. కాబట్టి వెనక కూర్చున్న అమ్మాయి మన మీదికి వాలుతుందన్న ఆశ ఎవరూ పెట్టుకోవద్దు. ఆవిడ వెనక కడ్డీ పట్టుకుని నిటారుగా కూర్చుని ప్రతి ఐదు కిలోమీటర్లకీ మీటరు చదివింది. ముప్ఫై ఎనిమిది దగ్గర ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వాన ఎత్తుకుంది.

సున్నపురాయి గనుల దగ్గర టీ కొట్టు పరదా కింద నిలబడ్డాం.

"పంతొమ్మిది," అంది. "మీ ఇరవై ఎనిమిదిలోంచి తొమ్మిది ఎగిరిపోయాయి. అంటే మీరేం చెప్పినా మూడో వంతు తీసెయ్యాలి."

"అదేటండీ! టీ బాగుందన్నాను. దాన్లో కూడా తీసీస్తారేటి?"

"తీసేశాను. నిజంగానే బాగోలేదు."

ఇద్దరం నవ్వాం. పరదా చివర నుంచి కారే నీళ్ళకి చెయ్యి పట్టి, తడి వేళ్ళు నా మొహం మీద చిలకరించింది. ఎందుకు చిలకరించిందో ఆవిడకే తెలియనట్టు వెంటనే మొహం తిప్పేసుకుంది. బండి ఆగిపోవాలని కోరుకునే మెకానిక్ ఈ లోకంలో ఉంటాడా? ఆ రోజు నుంచీ నేనున్నాను.

తర్వాత నెల రోజులు ఆ బండిని పసిపిల్లాడిలా చూసుకున్నాను. కార్బురేటర్ విప్పాను, బిగించాను. టైర్లు మార్చాను. ప్రతి ఆదివారం రెండు లీటర్లు. మీరు కాస్తా నువ్వు అయింది. ఓసారి నలభై రెండు కిలోమీటర్లు వచ్చింది, అంటే ఇరవై ఒకటి. ఆ ఆనందంలో, నందిని రోడ్డు పక్కన ఆగిపోయిన బండి మీద కూర్చునే చెప్పేశాను.

"ఎవా, నువ్వంటే నాకు చాలా ఇష్టం."

సీసా మూత తిప్పుతున్న చెయ్యి ఆగింది. "ఇందులో ఎంత తీసెయ్యాలి?"

"దీన్లో ఏటీ తియ్యక్కర్లేదు."

చాలాసేపు నా కళ్ళల్లోకి చూసింది, జార్‌లో గీత చూసినట్టే. "ఠీక్ హై. తియ్యను," అంది. తిరుగు ప్రయాణంలో కడ్డీ వదిలేసి నా భుజం పట్టుకుంది.

ఇక ఆఖరి కొలత మిగిలింది. ముందు పెద్ద గాలి అద్దం, రెండు పక్కలా సామాను పెట్టెలు బిగించి, అంకుల్ సామాను బరువుకి సరిపడా ఇసక బస్తా వేసి కొలవాలి. ఆ ఆదివారం ఎవాకి పరీక్ష డ్యూటీ పడింది.

"వచ్చే వారం ఇద్దరం వెళ్దాం," అంది.

"మీ డాడీ రాజగోపాల్ గారికి బుధవారం వస్తానని చెప్పీసేరు. నేను కొలిచీస్తాలే. నమ్మకం లేదేటి?"

జార్ నా చేతికిచ్చింది.

ముప్ఫై రెండు కిలోమీటర్లకి బండి ఆగిపోయింది. పదహారు! అద్దం గాలిని మింగుతోంది, బరువు పెట్రోలుని మింగుతోంది. ఆ ఎండలో ఆగిన బండి పక్కన కూర్చుని అన్నీ ఆలోచించాను. పదహారంటే ఎవా పంపదు. కొత్త హెల్మెట్ కొనుక్కుని రోజూ దాన్ని తుడుచుకుంటున్న అంకుల్ మొహం కళ్ళ ముందు మెదిలింది. నా నెల రోజుల కష్టం సున్నా అవుతుంది. ఆవిడ కళ్ళల్లో నేను మళ్ళీ ఇరవై ఎనిమిది వాడినవుతాను.

షెడ్డుకొచ్చి మళ్ళీ పోశాను. ఈసారి మూడు లీటర్లు. నలభై ఏడు కిలోమీటర్లు వచ్చింది. మీటరు ఫోటోలు పంపించాను, బయల్దేరేముందు ఒకటి, ఆగిపోయాక ఒకటి. రెండు లీటర్లే పోశానని రాశాను.

ఎవా పరుగెత్తుకుంటూ షెడ్డుకొచ్చింది. తెల్ల టేపు ముక్క మీద తన చేత్తో "సామానుతో 23.5" అని రాసి, కింద సంతకం పెట్టి ట్యాంకు మీద అతికించింది. గ్రీజు చేతులని కూడా చూడకుండా పట్టేసుకుంది. ఆ నిమిషంలో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. హైవే మీద నిదానంగా వెళ్తే ఇంకొంచెం వస్తుందిలే అనుకున్నాను. పెట్టెలో రెండు లీటర్ల సీసా ఉంటుందిలే అనుకున్నాను.

బుధవారం పొద్దున్న స్మృతి నగర్‌లో వాళ్ళింటి ముందు అంకుల్ పెళ్ళికొడుకులా తయారయ్యారు. ఎవా బండి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. తీరా బయల్దేరేముందు అంకుల్ పెట్టెలోంచి సీసా తీసి నా చేతిలో పెట్టారు.

"ఉంచండంకుల్," అన్నాను.

"యాభై కిలోమీటర్ల పెట్రోలు మిగులుతుంటే ఇదెందుకయ్యా? రాజగోపాల్‌కి ఆవకాయ పెట్టాలి, చోటు లేదు."

సీసా ఉన్నచోట ఆవకాయ జాడీ కూర్చుంది. ఎవా నా వైపు చూసి నవ్వుతోంది. ఆ నవ్వు పోతుందన్న భయంతో నోరు మూసుకున్నాను. నా బతుకులో నేను చేసిన నీచమైన పని మూడో లీటరు పొయ్యడం కాదు, ఇది.

మధ్యాహ్నం రెండింటికి ఎవరో లారీ డ్రైవరు ఫోన్ చేశాడు. కేశకాల్ ఘాట్ మలుపులో బండి ఆగిపోయింది. వెనక లారీలు, పైన వాన. ముసలాయన దిగి, ఒక్కడే బండిని పక్కకి తోయబోయాడు. బండి వెనక్కి దొర్లి ఆయన్ని పడేసింది.

నేనూ, ఎవా కాంకేర్‌లో ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడుతోంది. తుంటి ఎముక విరిగింది. మందుల మత్తులో కూడా అంకుల్ నన్ను చూసి నవ్వారు.

"నీ తప్పేం లేదయ్యా. కాంకేర్ దాటగానే బండి రిజర్వ్‌కొచ్చింది. అప్పుడే ఎలా వస్తుంది, పెట్రోలు కుళాయి చెడిపోయి ఉంటుందిలే అనుకున్నాను. పక్కనే పంపు కూడా ఉంది. మా అమ్మాయి సంతకం పెట్టింది కదా, అది తప్పదనుకున్నాను."

ఎవా ఏడవడం ఆపింది. నా వైపు తిరిగింది.

"ఆ రోజు ఎన్ని లీటర్లు పోశావ్?"

వంద అబద్ధాలు నోటి దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"మూడు."

ఆవిడ అరవలేదు, కొట్టలేదు. "నా సంతకం కింద," అని మాత్రం అంది. తర్వాత వాళ్ళ డాడీ దుప్పటి సర్దుతూ ఉండిపోయింది. నేను బయట బెంచీ మీద తెల్లారేదాకా కూర్చున్నాను. ఆవిడ బయటికి రాలేదు.

నాలుగు నెలలు ఎవా నా ఫోన్ ఎత్తలేదు. ఐదో నెలలో అంకులే పిలిచారు. వాకరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. ఇక బండి నడపరు. డాక్టరు చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది.

"నన్ను కొండగావ్ పంపాలనే కదయ్యా అలా చేశావ్. నాకు నీ మీద కోపం లేదు. బండి తీసుకెళ్ళి దాని అవసరం ఉన్నవాడికి ఇచ్చెయ్. ఈసారి సరైన నంబరు చెప్పు." గొంతు తగ్గించారు. "అమ్మాయిని అడుగు. మీ అమ్మ పూజలు మీ అమ్మవి, మా ప్రార్థనలు మావి. పెళ్ళికి నా వైపు నుంచి సరే."

ఎంతమంది ప్రేమికులు ఆ మాట కోసం ఏళ్ళకి ఏళ్ళు తిరుగుతారో! నాకది అడక్కుండానే దొరికింది.

ఎవా బయట బండి దగ్గర నిలబడి ఉంది. టేపు అప్పటికే పీకేసింది. జిగురు మరక మిగిలింది.

"అద్దం, సామానుతో పదహారు ఇస్తాది, ఎవా," అన్నాను. "ఆ రోజే తెలుసు. నీకు చెప్పడానికి భయపడ్డాను. నువ్వు పోతావని భయపడ్డాను. మళ్ళీ ఎప్పుడూ నీకు అబద్ధం చెప్పను. దీన్లో ఏటీ తియ్యక్కర్లేదు."

ఎవా లోపలికెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో జార్ ఉంది.

"చలో," అంది.

తనే రెండు లీటర్లు కొలిచి పోసింది. ఇసక బస్తా అక్కర్లేదు, ఆ బరువుకి ఎవా ఉంది. నందిని రోడ్డు. ఈసారి వాన లేదు, ఎండ, ఎర్రటి దుమ్ము. వెనక కడ్డీ పట్టుకుని నిటారుగా కూర్చుంది. ఐదు కిలోమీటర్లకోసారి మీటరు చదివింది. నేను మనసులో దణ్ణాలు పెట్టుకున్నాను, ముప్ఫై రెండు దగ్గర ఆగాలి, ముప్ఫై రెండు దగ్గరే ఆగాలి అని.

ముప్ఫై రెండు దగ్గరే ఆగింది.

"పదహారు!" అరిచాను. పరీక్ష పాసైన పిల్లాడిలా వెనక్కి తిరిగాను. "చూసేవా? నిజమే చెప్పేను కదా!"

ఎవా కళ్ళ నిండా నీళ్ళు.

"నిజమే చెప్పావు, చిట్టీ. నువ్వు చెప్తున్నప్పుడే నిజమనిపించింది. అయినా జార్ తీసుకురాకుండా ఉండలేకపోయాను." చున్నీతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు పదహారు. రేపు ఎక్కడికెళ్ళావంటే ఓ మాట చెప్తావు. అది నిజమే అవుతుంది. నేను మళ్ళీ కొలుస్తాను. అలా ఎన్నాళ్ళు?"

"కొలుచుకో. జీవితమంతా కొలుచుకో. నాకేటీ అభ్యంతరం లేదు."

"నాకుంది. నువ్వంటే ఇష్టం పోలేదు. పోయుంటే బాగుండేది." "డాడీకి నేను చెప్పుకుంటాలే."

నా దగ్గర ఇవ్వడానికి అన్నీ మాటలే ఉన్నాయి.

ఆవిడ బ్యాగులోంచి సీసా తీసి, తిరిగి వెళ్ళడానికి సరిపడా జార్‌లోకి వంచి, గీత దగ్గర కన్ను పెట్టి చూసి ట్యాంకులో పోసింది. దారిలో ఎక్కడైనా మళ్ళీ ఆగిపోతే బాగుండునని నేను నెమ్మదిగా నడిపాను. బండి ఆగలేదు. సాయంత్రానికి ఎవా వాళ్ళ గుమ్మం ముందు దిగింది.