ప్రార్థనలో కళ్ళు తెరిచిన మనిషి

“ఆ ఇనప చెయ్యి మా పిల్ల చెయ్యి పట్టుకుని వదలకపోతే ఏం చెయ్యాలండీ?”

అమ్మాజీ ఆ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. ఉదయం ఎనిమిదిన్నర. అమలాపురం శివారు ఇంజనీరింగ్ కాలేజీలో క్యాంటీన్ వెనక వరండా. ఆమె ఉప్మాకి పచ్చిమిరపకాయలు తరుగుతోంది. కూతురు షైనీ ఆ కాలేజీలోనే మూడో సంవత్సరం. పది గంటలకు రోబో చేతుల పోటీ.

పక్కన కొబ్బరి బొండాలు చెక్కుతున్న మనిషి తల ఎత్తింది.

“ఏం కాదండి అమ్మాజీ గారూ. ఎర్ర బటన్ ఉంటాది. నొక్కితే ఆగిపోద్ది.”

“అది పనిచెయ్యకపోతేనో?”

“ఎవరో ఒకరు కరెంటు తీసేస్తారండి.”

“ఆ తీసేవోడు ఫోన్ చూసుకుంటా కూచుంటేనో? మీకు పిల్లల్లేరనుకుంటానమ్మా. ఉంటే అలా చెక్కలేరు బొండాలు.”

ఆ మనిషి ఇంకో బొండం అందుకుంది. కాలేజీలో ఆమె పేరు వీరవేణి. నిన్ననే పనిలో చేరింది. అసలు పేరు ఝాన్సీ. రహస్య విభాగంలో ఏజెంట్ నంబర్ పద్నాలుగు. చేతికున్న రోల్డ్ గోల్డ్ గాజుల్లో ఒకటి గాజు కాదు, వైర్‌లెస్.

నిన్న మధ్యాహ్నం రాజోలు బస్సులో పక్క సీట్లోకి ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చి కూర్చున్నాడు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, బయటికి చూస్తూ అడిగాడు.

“గోదారి పోటు మీదుందా అండీ?”

“పాటు మీదుందండి.”

కోడ్ కలిసింది. ఆయన చీఫ్ శ్యామ్ బాబు.

“విదేశీ ముఠా. పేరు కోరల్. షైనీ అనే పిల్ల చేసిన రోబో చెయ్యి కొబ్బరికాయని తట్టి చూసి, ఆ చప్పుడుని బట్టి లోపల నీళ్ళున్నాయా, కుళ్ళిందా చెప్పేస్తుంది. మన నేవీ వాళ్ళకి అది కావాలి. సముద్రంలో తేలే పెట్టెని తెరవకుండా, తట్టి, లోపల పేలుడు మందుందో లేదో చెప్పడానికి. ఆ ప్రోగ్రామ్ కాపీ ఇప్పటికే కోరల్ చేతిలో ఉంది.”

“మరింకేం కావాలండి వాళ్ళకి?”

“మన చేతిలో ఉండకూడదు. రేపు అందరిముందూ ఆ చెయ్యి పిల్లని గాయపరిస్తే, ప్రమాదకరమని మనవాళ్ళే మూలన పడేస్తారు. పోటీకి ముందు దాని చిప్పు మారుస్తారని సమాచారం.”

“కాపీ ఎవరిచ్చేరు?”

“పాఠం చెప్పే వాళ్ళలో ఒకరు. ఎవరో తేలలేదు.”

ఝాన్సీకి బస్సు కిటికీలోంచి ఉమ్మెయ్యాలనిపించింది. దొంగల్ని చూసింది, హంతకుల్ని చూసింది. వాళ్ళ మీద కోపం వచ్చేది. ఇది కోపం కాదు. అన్నంలో బొద్దింక కాలు కనపడితే కలిగేది.

“అక్కడ మన మనిషి ఒకరుంటారు,” అన్నాడు చీఫ్ దిగుతూ. “జడ్జి. డాక్టర్ మోనిక.”

* * *

తొమ్మిదిన్నరకు డాక్టర్ మోనిక కారు దిగింది. దంతం రంగు పట్టు చీర, చెవులకు ముత్యాలు. ఆమె కంటే ముందు ఆమె సెంటు హాల్లోకి వచ్చింది. కుర్రాళ్ళు రోబోలు వదిలేసి జుట్టు సర్దుకున్నారు.

హెచ్‌ఓడీ నాగదుర్గాప్రసాద్ గారు ఎదురెళ్ళి, వంగి, ఇంకా వంగి, “ప్రయాణం సుఖంగా జరిగిందా అండీ? కాజాలు తీసుకోండి మేడమ్. ఇంకోటండీ. మీరు కాదంటే మాకు బాధండీ,” అన్నాడు. కాజా పాకం వేళ్ళని కర్టెన్‌కి తుడుచుకున్నాడు.

ఝాన్సీ బొండం అందించింది. “నీళ్ళు తియ్యగా ఉంటాయండి.”

“మా ఊరి ఉప్పునీళ్ళ కంటే నయమే,” అంది మోనిక. అదీ కోడే. పెదాలు కదలకుండా కలిపింది. “ఇక్కడ అంతా క్లియర్. నువ్వు బయట గేటు చూసుకో.”

“లోపలే ఉంటానండి.”

“సీనియర్ని నేను.”

“ఆయ్,” అంది ఝాన్సీ. కదల్లేదు.

షైనీ బల్ల మూడోది. రోబో చెయ్యి మీద పాత దుప్పటి కప్పి ఉంది. అల్యూమినియం ఎముకలు, కీళ్ళకి ఆటో షెడ్డులో అడిగి తెచ్చుకున్న నల్లటి గ్రీజు. ఝాన్సీ బల్లకి ఆరడుగుల దూరంలో నిలబడింది. రెప్ప వెయ్యకుండా చూడాలి. అంతే పని.

అప్పుడు పాస్టర్ ఏసుపాదం గారు మైకు తీసుకున్నారు. “ప్రార్థన చేసుకుందాం.”

ఏసుపాదం గారి ప్రార్థన చిన్నది కాదు. పిల్లల కోసం, ప్రిన్సిపాల్ గారి మోకాలి కోసం, కరెంటు పోకుండా ఉండటం కోసం, కొబ్బరి తోటలకొచ్చిన తెల్లదోమ పోవడం కోసం, ఒక్కొక్కదానికీ విడివిడిగా అడిగారు. మూడు వందల తలలు వంగాయి. ఆడవాళ్ళంతా చెంగులు తలమీదికి లాక్కున్నారు.

“ఆమెన్.”

ఝాన్సీ కళ్ళు తెరిచింది. తెరిచాక గాని అవి మూసుకున్నాయని తెలియలేదు.

చిన్నప్పుడు ప్రార్థనలో కళ్ళు తెరిస్తే వాళ్ళమ్మ తొడ మీద గిల్లేది. ట్రైనింగ్‌లో కళ్ళలో ఇసుక కొట్టినా మూయకుండా ఉండటం నేర్పారు. ఇది మాన్పించాలని ఎవరికీ తోచలేదు.

గాజులో చీఫ్ గొంతు. “పద్నాలుగు. రిపోర్ట్.”

“ఆరు నిమిషాలు చూడలేదండి.”

“ఏం? ఎవరు అడ్డమొచ్చేరు?”

“ప్రార్థనండి.”

“కళ్ళు మూసుకున్నావా?”

“అందరూ మూసుకున్నారండి. ఒక్కళ్ళు తప్ప. ఆ ఒక్కళ్ళే మనక్కావాలి.”

దుప్పటి మడత మారింది. చిప్పు మార్చేశారు. ఎవరు? ఝాన్సీ ముఖాలు కాదు, చేతులు చూసుకుంటూ వచ్చింది. చేతులన్నీ శుభ్రంగానే ఉన్నాయి. మోనిక తలమీది చెంగు దించి భుజాన సర్దుకుంటోంది. దంతం రంగు పట్టు అంచున జానెడు నల్లటి గ్రీజు మరక.

తలమీద చెంగు వేసుకుని రోబో మీదికి వంగిన మనిషి. భక్తి నటించినా చెంగుని అదుపులో పెట్టుకోలేని మనిషి. మన విభాగం జీతం తింటున్న మనిషి!

ఝాన్సీ నోరు తెరిచేలోగా, “ముందుగా టీమ్ త్రీ, స్టార్ట్!” అంది మోనిక మైకులో.

షైనీ కుడిచేత్తో కీబోర్డు మీటలు నొక్కుతూ, ఎడంచేత్తో కొబ్బరికాయని ఇనుప వేళ్ళ మధ్య పెట్టింది. చెయ్యి కాయని ఒకసారి తట్టింది. జనం చప్పట్లు. రెండోసారి తట్టలేదు. కాయని వదిలేసి షైనీ మణికట్టు పట్టుకుంది.

“అమ్మా!”

షైనీ ఎర్ర బటన్ నొక్కింది. ఆగలేదు. మళ్ళీ నొక్కింది. మోటారు గుర్రుమంటూ బిగిస్తోంది. ప్లగ్గు దగ్గర కూర్చున్న కుర్రాడు ఆకాష్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

“తీయరా! తీసెయ్ వైరు!” గుమ్మంలోంచి అమ్మాజీ అరుపు.

ఝాన్సీ కదిలింది. మోనిక అడ్డం వచ్చింది. “కాంటెస్ట్ ఏరియా. నో ఎంట్రీ.” ముత్యాల పర్సులోంచి సన్నటి సూది మెరిసింది. ఝాన్సీ చేతిలోని బొండం ఆ మణికట్టు మీద పడింది. సూది ఎగిరిపోయింది. రెండో అంగలో బల్ల. నడుముకి దోపుకున్న కర్రపిడి బొండాల కత్తి లేచింది. బొండం చెక్కినంత సులువుగా దిగింది. కేబుల్ రెండు ముక్కలు. ఫట్‌మని మెరుపు. ఇనుప చెయ్యి పీనుగులా వాలిపోయింది.

షైనీ మణికట్టు చుట్టూ ఎర్రటి కడియంలా గుర్తు. ఎముక విరగలేదు. అర సెకను ఆలస్యమైతే విరిగేది.

మోనిక పర్సులో అసలు చిప్పు దొరికింది. సంకెళ్ళు వేస్తుంటే చీర నలుగుతుందని విసుక్కుంది. ఝాన్సీ ఆమె వైపు చూడలేదు. చూస్తే కళ్ళు కడుక్కోవాల్సి వస్తుంది.

“ఎర్ర బటన్ వైరు కోసేసి ఉందమ్మా,” అంది షైనీతో. “పొద్దున్న ఎవరు చెక్ చేసేరు?”

“మా సారేనండి. నన్ను పక్కకెళ్ళమని మరీ ఆయనే బిగించేరు.”

* * *

స్టాఫ్ రూములో నాగదుర్గాప్రసాద్ గారు కుర్చీలో కూర్చున్నాడు. సొరుగులోంచి తీసిన ఉత్తరం బల్లమీద ఉంది. ఏదో విదేశీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ పోస్టు, ఆయన పేరుతో. షైనీ ప్రోగ్రామ్ మీద కూడా ఆయన పేరే.

గుమ్మంలో అమ్మాజీ. కూతురి చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏడవడం లేదు.

“మీ బీపీకని రోజూ ఉప్పు లేకుండా వేరే వండిపెట్టేనండి సార్,” అంది. “ఎప్పుడూ ఒక్క మాటనలేదు మీరు. బాగుందమ్మా అనేవోరు.”

ఆయన బల్ల వైపు చూశాడు.

“దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ మీ క్లాసుకి పంపేనండి పిల్లని.”

ఝాన్సీ ముందుకి వంగింది. “ఒక్కటే అడుగుతాను. చిప్పు మారిస్తే ఆ చెయ్యి ఈ పిల్లనేం చేస్తుందో మీకు ముందే తెలుసా?”

పైన ఫ్యాను తిరుగుతోంది. ఎవరో తెచ్చిపెట్టిన టీ మీద తెట్టు కట్టింది. ఒక ఈగ వచ్చి తెట్టు మీద వాలి, కాళ్ళు రుద్దుకుని, ఎగిరిపోయింది. హాల్లో మైకులో నాలుగో టీమ్‌ని పిలిచారు. చప్పట్లు వినిపించాయి, ఆగిపోయాయి.

నాగదుర్గాప్రసాద్ గారు కళ్ళజోడు తీసి, చొక్కాకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు.

“ఆయ్, తెలుసండి. రెండు చేతులూ కాదన్నారండి. ఎడం చెయ్యొక్కటే అన్నారు.”