పదిహేడో వార్డులో ఎర్ర చుక్క

2079 నాటికి సాగరపల్లిలో తలుపులకు గడియలు పెట్టుకోవడం మానేశారు. ఇంటింటి ముందూ ఓ స్తంభం, దాని మీద కొబ్బరిబోండమంత గోళం. దాని పేరు దడమాపి. గోడల అవతలున్న మనిషి గుండె వేగాన్ని, ఒంటి వేడిని సూక్ష్మ తరంగాలతో పట్టుకుంటుంది. పరుగెత్తే గుండెకీ బెదిరిన గుండెకీ తేడా దానికి తెలుసు. భయం కనిపిస్తే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలుగుతుంది. ఎర్ర దీపం వెలిగిన నాలుగు నిమిషాల్లో నారింజ రంగు కోటు తొడుక్కున్న వీధిరక్షకులు అక్కడుంటారు. అందరూ జీతం లేని వాలంటీర్లే. దొంగ కత్తి తీసేలోపే, మొగుడు చెయ్యెత్తేలోపే వాకిట్లో పదిమంది నిలబడిపోతారు. ఊళ్లో పోలీస్ స్టేషన్ మూతపడి ఏడేళ్లయింది.

ఈ వీధిరక్షకుల మీద అజమాయిషీ పురపాలక సంఘం పర్యవేక్షణ కమిటీది. దాని అధ్యక్షురాలు బోయిన నీలవేణి.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఆమె తన గదిలో గోడ మీది పటం ముందు నిలబడింది. ఊరంతా పచ్చగా ఉంది. పదిహేడో వార్డులో మాత్రం ఒక్క ఎర్ర చుక్క. మూడు రోజులుగా ఆరలేదు.

"ఎవరది?"

"పంపుల మెకానిక్ తవుడు," అంది దడమాపిని తయారుచేసిన కల్పలత. "గుండె నిమిషానికి నూట నలభై కొడుతోంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇలాగే ఉంటే ఇవాళ గట్టెక్కడు మేడమ్."

"మరి మనవాళ్లు అక్కడ లేరా?"

"ఉన్నారు. మూడొందల మంది."

ఇద్దరూ వెంటనే కారెక్కారు.

వీధి మొదలు నుంచి చివరిదాకా నారింజ కోట్లు. ఒక్కరూ అరవడం లేదు, రాయి విసరడం లేదు. ఆ చిన్న పెంకుటింటికి రెండు బారల దూరంలో, చేతులు కట్టుకుని, చిరునవ్వుతో నిలబడ్డారు. అందరి చూపూ ఆ కిటికీ మీదే.

"తప్పుకోండి, ఇక చాలు," అంది నీలవేణి.

దళనాయకుడు అప్పలకొండ వినయంగా నమస్కారం పెట్టాడు. "ఎలా కుదురుద్ది మేడమ్? భయం తగ్గేదాకా కదలకూడదని రూలు. అది రాసింది మీరే కదండీ."

నిజమే. నాలుగేళ్ల క్రితం వీధిరక్షకులు తొందరపడి వెళ్లిపోయిన ఒక ఇంట్లో ఆడమనిషి చచ్చిపోయింది. ఆ మర్నాడే నీలవేణి ఏడుస్తూ రాసింది ఆ నిబంధన. భయం తగ్గకపోతే గంటగంటకీ ఇంకో నలుగురు రావాలని కూడా ఆమే చేర్చింది.

కిటికీలోంచి తవుడు ముఖం కనిపించింది. పెదాలు నల్లబడ్డాయి.

"నానేటి తప్పు సేసినానమ్మా? ఊరందరూ ఆ కోటు తొడుక్కున్నారు, పదిమందొచ్చి తొడుక్కోమంటే బెదిరిపోయి నాకొద్దన్నాను. అంతే కదా! ఆళ్లని ఎల్లిపొమ్మను తల్లీ, గుండె పట్టేస్తంది."

"వీళ్లను చూసే భయపడుతున్నాడు," అంది కల్పలత గొంతు తగ్గించి. "భయపడుతున్నాడని వీళ్లు వస్తున్నారు."

నీలవేణి టాబ్లెట్ తీసింది. అధ్యక్షురాలి వేలిముద్ర పడితే నిబంధన రద్దవుతుంది. "అప్పలకొండా, ఈ రూలు ఎత్తేస్తున్నాను. మీవాళ్లను ఇళ్లకు పంపించు."

మూడొందల తలలు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి.

 ఆమె పక్కనున్న, పొరుగింటి స్తంభం ఎర్రబడింది. ముందు వరస ఒక్క అడుగు ఆమె వైపు వేసింది. తర్వాత వెనక వరస.

"మేడమ్ బెదిరిపోతున్నారు," అన్నాడు అప్పలకొండ, నిజమైన జాలితో. "ఏం పర్లేదండీ. మేం ఇక్కడే ఉంటాం."

గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వేలు టాబ్లెట్‌కు అంగుళం దూరంలో ఆగిపోయింది. అందరూ తెలిసినవాళ్లే. పాలు పోసే రమణయ్య, ఆమెకు ఓటేసిన బడ్డీకొట్టు సూరమ్మ. ఆ నవ్వు మాత్రం అందరిదీ ఒక్కటే. ఇంకో అడుగు. సూరమ్మ మడతపెట్టిన కోటు ఒకటి చాచింది.

"తొడుక్కోమ్మా, హాయిగుంటాది."

ఎలా తొడుక్కుందో ఆమెకే తెలియదు. చేతులు దూర్చగానే జనం రెండుగా చీలి ఆమెకు తమలో చోటిచ్చారు. అటూ ఇటూ భుజాలు వెచ్చగా తగిలాయి. గుండె నెమ్మదించింది. స్తంభం పచ్చబడింది.

"కల్పలతా, ఈ కోట్లో ఏం పెట్టావు? మందా? తరంగాలా?"

"ఏమీ లేదు మేడమ్. ఉత్త నూలు గుడ్డ." కల్పలత అప్పటికే తనకూ ఇచ్చిన కోటుకు గుండీలు పెట్టుకుంటోంది.

టాబ్లెట్ తెర ఇంకా వేలిముద్ర కోసం ఎదురుచూస్తోంది. నీలవేణి దాన్ని సంచిలో పెట్టేసింది. రేపు మీటింగులో చూద్దాంలే అనుకుంది.

"తల్లీ... నువ్వు కూడానా!" తవుడు కిటికీ ఊచ పట్టుకుని ఆమెనే చూశాడు. తర్వాత ఆ చెయ్యి జారిపోయింది.

అయిదూ పదికి తవుడు ఇంటి ముందరి దీపం పచ్చబడింది. అప్పలకొండ తన తెర చదివాడు. "గుండె వేగం సున్నా. భయం సున్నా. కేసు పూర్తి."

వీధంతా చప్పట్లు మారుమోగాయి. వాటిలో అందరికంటే గట్టిగా వినబడుతున్నవి తనవేనని నీలవేణికి కాసేపటికి గానీ తెలియలేదు.